చివరి పుట అడుగున ఒక పంక్తి

పత్రికా స్వాతంత్ర్య చరిత్ర అనగానే మనకు సంపాదకులు గుర్తుకు వస్తారు. వారి సాహసాలు, న్యాయస్థానాలలో వారి వాంగ్మూలాలు, చెరసాలలు, విడుదలై వచ్చిన నాడు మెడనిండా పడిన పూలదండలు, ఇవన్నీ కళ్ళముందు నిలుస్తాయి. ఆ చరిత్రలో మరో సగం పత్రిక చివరి పుట అడుగున, కంటికి ఆనని చిన్న అక్షరాలలో ఉంటుంది. ఫలానా వారిచేత ఫలానా ముద్రాక్షరశాలయందు ముద్రింపబడి, ఫలానా వారిచేత ప్రకటింపబడినది అన్న ఒక్క పంక్తి. చదువరులు దానిని దాటిపోతారు. ప్రభుత్వం మాత్రం ఏనాడూ దాటిపోలేదు.

ఆ పంక్తిని మన పత్రికలలోకి తెచ్చినది 1867 నాటి ముద్రణాలయాల, పుస్తకాల నమోదు చట్టం. అచ్చుకూటం పెట్టేవాడూ, పత్రిక అచ్చువేసేవాడూ, ప్రకటించేవాడూ మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రం దాఖలు చేసుకోవాలి. అచ్చయిన ప్రతి కాగితం మీద ముద్రాపకుని పేరు, ముద్రించిన చోటు స్పష్టంగా కనబడాలి. పైకి చూస్తే ఇది వట్టి చిరునామా వ్యవహారం. కాని పత్రికలో ఏ మాట నేరమైనా, ఎవరి తలుపు తట్టాలో పోలీసు వెదుక్కోనవసరం లేకుండా ఆ చిరునామా ముందుగానే సిద్ధమై ఉంటుంది. 1878లో లిట్టన్ దొర తెచ్చిన చట్టం దేశభాషా పత్రికలను మాత్రమే ప్రత్యేకించి పట్టింది. ఇంగ్లీషు పత్రికలకు ఆ బెడద లేదు. కలకత్తాలో అమృతబజార్ పత్రిక అందుకే ఉన్నట్టుండి ఇంగ్లీషు పత్రిక అయింది. రిపన్ దొర కాలంలో ఆ చట్టం రద్దయినా, ఏలినవారి భయం ఏ భాషను చూసి పుట్టినదో లోకానికి తెలిసిపోయింది.

మన ఆంధ్రదేశంలో మొదటి పెద్ద దెబ్బ 1908లో తగిలింది. 1907లో బిపిన్ చంద్రపాలుని పర్యటన తరువాత రాజమహేంద్రవరంలో చదువుకు దూరమైన విద్యార్థులలో కర్నూలు వాసి గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. ఆయన బెజవాడ నుండి 'స్వరాజ్య' పత్రిక నడిపారు. 1908 మార్చిలో తిరునల్వేలిలో జరిగిన కాల్పుల మీద, తెల్లదొరతనాన్ని క్రూరమైన పులితో పోలుస్తూ ఆ పత్రికలో వచ్చిన రచన రాజద్రోహమయింది. సంపాదకునితోపాటు ప్రచురణకర్త బోడి నారాయణరావు కూడా బోనెక్కారు. క్రింది న్యాయస్థానం విధించిన శిక్ష చాలదని ప్రభుత్వమే పై న్యాయస్థానానికి పోయింది. గాడిచర్ల వారి శిక్ష మూడేళ్ళయింది. వెల్లూరు చెరసాలలో ఆయనను మామూలు నేరస్థుల వలెనే ఉంచారు. ఆంధ్రులలో తొలి రాజకీయ ఖైదీ అని ఆయనను ఇప్పటికీ చెప్పుకొంటున్నాము. బోడి నారాయణరావు పేరు మాత్రం చరిత్ర పుస్తకాలలో సగం వాక్యం దాటి కనిపించదు. నా ఆలోచనంతా ఆ సగం వాక్యం చుట్టూనే.

సంపాదకుణ్ణి జైలుకు పంపితే ఆయన కీర్తి పెరుగుతుందని ప్రభుత్వానికి త్వరలోనే బోధపడినట్లుంది. 1910 ఫిబ్రవరిలో వచ్చిన ప్రెస్ చట్టం బరువును కలం మీద నుండి అచ్చుయంత్రం మీదికి మార్చింది. కొత్తగా అచ్చుకూటం పెట్టేవాడు 500 రూపాయలకు తగ్గకుండా, 2,000కు మించకుండా మేజిస్ట్రేటు వద్ద జామీను కట్టాలి. కావాలనుకుంటే మేజిస్ట్రేటు ఆ సొమ్ము మాఫీ చేయవచ్చు. అనగా వినయం గలవానికి ఉచితం, తక్కినవారికి ఖరీదు. ప్రభుత్వానికి అభ్యంతరకరమైనది అచ్చయితే ఆ సొమ్ము పోతుంది. మళ్ళీ అచ్చుకూటం తెరవాలంటే 1,000 నుండి 10,000 రూపాయల దాకా కట్టాలి. మరొకమారు తప్పు జరిగితే సొమ్ముతోపాటు యంత్రం కూడా పోతుంది. ఇందులో ముందు విచారణ లేదు, వాంగ్మూలం లేదు, కనుక పూలదండ కూడా లేదు. హైకోర్టుకు మొరపెట్టుకునే దారి ఒకటి ఉన్నా, అది సొమ్ము పోయిన తరువాతి మాట.

ఆనాటి చిన్న అచ్చుకూటం స్థితి ఊహించండి. ఒక చేతియంత్రం, అరిగిపోయిన నాలుగు రకాల సీసపు అక్షరాలు, ఇద్దరు కంపోజిటర్లు, నెలనెలా తీర్చవలసిన కాగితం బాకీ. పెళ్ళి శుభలేఖలు, పంచాంగాలు, రసీదు పుస్తకాలు వేసుకుంటే ఇల్లు గడుస్తుంది. అటువంటివాడు ఒక సంపాదకీయం కోసం రెండువేలు ఒడ్డగలడా? అచ్చుకు వచ్చిన కాగితాన్ని మొదట పరీక్షించేవాడు దొర కాదు, ముద్రాపకుడే అయ్యాడు. "ఈ వాక్యం తీసేద్దురూ, పిల్లలుగలవాణ్ణి" అని అతడు అడిగితే కాదనడానికి సంపాదకునికి మనసొప్పదు. చట్టం ఉద్దేశమూ అదే. భయపెట్టే పని ప్రభుత్వం చేస్తుంది, కత్తిరించే పని స్నేహితుడు చేస్తాడు.

ఈ చట్టం అమలులో ఉన్న పన్నెండేళ్ళలో మా ప్రాంతంలో ఏమేమి జరిగినవో చూడండి. 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగింది. 1921లో చీరాల పేరాల ఉద్యమం నడిచింది. 1922 ఆరంభంలో పెదనందిపాడు ఫిర్కాలో పన్నుల నిరాకరణ సాగింది. కర్లపాలెం వంటి ఊళ్ళకు వార్త రావాలంటే కృష్ణ దాటి బందరు నుండి 'కృష్ణాపత్రిక' రావాలి, లేదా మద్రాసు నుండి 'ఆంధ్రపత్రిక' రావాలి. చదువు వచ్చినవాడు ఒకడు అరుగు మీద కూర్చుని చదివితే పదిమంది వినేవారు. ఆ అరుగుల దాకా వచ్చిన మాటలను మనం నేడు లెక్కించగలము. అచ్చుకూటం గుమ్మం దాటని మాటలను ఎవరు లెక్కించగలరు?

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. దేశభాషా పత్రికలలో ఏమి వస్తున్నదో తెలుసుకొనడానికి మద్రాసు ప్రభుత్వం అనువాదకులను పెట్టి, పత్రికల సారాంశాలను ఇంగ్లీషులో రహస్య నివేదికలుగా అచ్చువేయించేది. ఆనాటి చిన్న పత్రికల సంచికలు చాలావరకు చెదలపాలైనవి. నివేదికలు మాత్రం దస్తావేజుల భాండాగారాలలో భద్రంగా ఉన్నాయి. చరిత్రకారులు ఆ పత్రికల గొంతు వినాలంటే కావలివాని అనువాదంలోనే వినాలి. అది కూడా అచ్చయిన మాటకే దక్కిన భాగ్యం. ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి'ని ప్రభుత్వం నిషేధించింది, నిషేధించబడినందున కూడా దానిని గుర్తుంచుకున్నాము. నిషేధానికి ఉత్తర్వు ఉంటుంది, తేదీ ఉంటుంది, సంతకం ఉంటుంది. ముద్రాపకుడు బతిమాలి తీయించిన వాక్యానికి ఏ ఉత్తర్వూ లేదు. అచ్చుకాని వాక్యానికి చరిత్ర లేదు.

ఈ పద్ధతి మనకు మాత్రమే దక్కిన వరం కాదు. పడమటి ఆఫ్రికాలోనూ అదే ఏలిక, అదే ఉపాయం. లాగోస్‌లో 1903 నాటి పత్రికల చట్టం పత్రిక పెట్టేవారిని 250 పౌనుల పూచీ అడిగింది. 1936లో అక్రాలో 'ఆఫ్రికన్ మార్నింగ్ పోస్ట్' ప్రచురించిన ఒక వ్యాసానికి రచయిత వాలెస్ జాన్సన్ మీద, సంపాదకుడు అజికివే మీద రాజద్రోహం కేసులు నడిచాయి. ఆ రోజున ఆ పత్రికకు సంపాదకుడు ఆయనేనని రుజువు కాలేదన్న కారణంగా 1937లో అప్పీలులో అజికివే బయటపడ్డారు. ఒక పేరు, ఒక తేదీ రుజువు కాకపోవడమే ఆయనను కాపాడింది. ఆయనే 1963లో నైజీరియా తొలి అధ్యక్షులయ్యారు. తెల్లవారు వెళ్ళిపోయినంత మాత్రాన ఆ అలవాటు పోలేదు. 1984లో అక్కడి సైనిక ప్రభుత్వపు నాలుగవ డిక్రీ క్రింద 'గార్డియన్' పత్రిక విలేకరులు ఇద్దరు జైలుకు వెళ్ళారు, పత్రిక జరిమానా కట్టింది.

మన సంగతి వేరని అనుకోవద్దు. 1950లో మద్రాసు ప్రభుత్వం బొంబాయి నుండి వచ్చే 'క్రాస్ రోడ్స్' పత్రికను తన సరిహద్దులలోకి రానీయకుండా నిషేధించింది. అప్పటికి కర్లపాలెం కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే. రమేశ్ థాపర్ సుప్రీంకోర్టుకు వెళ్ళి మే 26న గెలిచారు. ఆ గెలుపు వయస్సు పదమూడు నెలలు. 1951 జూన్‌లో వచ్చిన తొలి రాజ్యాంగ సవరణ వాక్స్వాతంత్ర్యం మీద ఆంక్షలకు శాంతిభద్రతలనూ ఒక కారణంగా చేర్చింది. అదే ఏడు వచ్చిన ప్రెస్ చట్టంలో మన పాత మిత్రుడు జామీను తిరిగి ప్రత్యక్షమయ్యాడు, కాకపోతే ఈసారి సెషన్సు జడ్జి చేతి మీదుగా. స్వతంత్ర భారతంలో అది కొన్నేళ్ళు నడిచి 1956లో గడువు తీరిపోయింది.

1867 నాటి చట్టం స్థానంలో 2023లో కొత్త చట్టం చేసుకున్నాము, 2024 మార్చి 1 నుండి అది అమలులోకి వచ్చింది. జామీను మాట ఇప్పుడు వినబడదు. కాని మనవంటి వారి రాతలకు నేడు ముద్రాపకుడు ఎవరు? మన అక్షరాలకు చోటిచ్చిన సర్వరు యజమాని. 2021 నాటి సాంకేతిక సమాచార నియమాలు ఉత్తర్వు అందిన రాతను గడువులోగా తొలగించవలసిన బాధ్యతను అతని మీద పెట్టాయి. తొలగించకపోతే అతనికున్న రక్షణ పోతుంది. 1910 నాటి ముద్రాపకునికి పిల్లలైనా అడ్డు వచ్చేవారు, రచయిత ముఖం చూడక తప్పేది కాదు. దూరదేశపు కంపెనీకి మన ముఖం తెలియదు, మనతో వాదించవలసిన అవసరం అంతకన్నా లేదు. శిక్ష పడేది ఒకరికి, మూగబోయేది మరొకరు అన్న సూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

కనుక ఒక ప్రభుత్వం పత్రికలను ఎంత స్వేచ్ఛగా ఉంచిందో తెలుసుకోవాలంటే ఎందరు సంపాదకులు జైలులో ఉన్నారని మాత్రమే అడిగితే చాలదు. అచ్చువేసేవాడు రాత్రి నిద్రపోగలుగుతున్నాడా అని కూడా అడగాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో పాత అచ్చుకూటాలలో పనిచేసిన పెద్దలు మీ ఎరుకలో ఉంటే, ఏ కాగితం అచ్చువేయడానికి జంకారో వారినడిగి వ్రాసి పెట్టండి. ఆ సంగతి ఏ ప్రభుత్వ నివేదికలోనూ దొరకదు.