కోకో వర్తకం, బానిసత్వం: 1909 నాటి ఒక వ్యాజ్యం

ఇస్లామీయ పాలనలో అంగడిని తనిఖీ చేసే అధికారికి ముహ్తసిబ్ అని పేరు. తూనికలు, కొలతలు, కల్తీ మాత్రమే ఆయన పరిధి అని చాలామంది అనుకుంటారు. ఇమామ్ మావర్ది (మరణం క్రీ.శ. 1058) ‘అల్ అహ్కాముస్ సుల్తానియ్యా’లో మరొక విధిని కూడా చేర్చారు. బానిసలచేత శక్తికి మించిన పని చేయించే యజమానిని, పశువుపై మోయలేని బరువు వేసేవానిని ముహ్తసిబ్ వారించాలి. ఆ గ్రంథం బానిసత్వాన్ని రద్దు చేయలేదు. ఆ సంగతి దాచవలసిన పని లేదు. అయితే సరుకుతోపాటు దాని వెనుకనున్న శ్రమ కూడా విచారణకు లోబడినదే అన్న భావం అందులో ఉంది. ముహ్తసిబ్ చూపు తన పట్టణం దాటదు గదా, మరి సముద్రాల ఆవలినుండి వచ్చే సరుకు మాటేమిటి?

ఈ ప్రశ్న ఇంగ్లండులోని కాడ్బరీ కంపెనీకి ఎదురైంది. యజమానులు క్వేకర్ శాఖకు చెందిన క్రైస్తవులు. ఆ శాఖవారు బానిస వ్యాపారాన్ని ఎదిరించినవారు. అయినా వారి కోకోలో దాదాపు సగం పోర్చుగీసు పాలనలోని సావొ తొమే, ప్రిన్సిపే ద్వీపాలనుండే వచ్చేది. 1901లో అమ్మకానికి వచ్చిన ఒక తోట ఆస్తుల పట్టికలో 200 మంది కూలీలకు 3,555 పౌండ్లు వెల కట్టి ఉండటం విలియం కాడ్బరీ కంటపడింది.

చట్టరీత్యా పోర్చుగల్ బానిసత్వాన్ని 1870లలోనే రద్దు చేసింది. అంగోలానుండి తెచ్చినవారిని ‘సర్వీసైష్’, అనగా సేవకులు, అనేవారు. అయిదేళ్ల ఒప్పందం కాగితంపై ఉండేది. గడువు తీరాక తిరిగి వెళ్లినవారు మాత్రం లేరనే చెప్పాలి. అనువాదకునిగా నాకు ఈ పదం దగ్గర కలం ఆగుతుంది. మన తెలంగాణలో ‘భగేలా’ కూడా అప్పు ఒప్పందం పేరుతోనే నడిచింది గదా!

కాడ్బరీ 1903లో లిస్బన్ వెళ్లి వాగ్దానాలు తెచ్చుకున్నారు. 1905లో జోసెఫ్ బర్ట్‌ను విచారణకు పంపారు. ఇంతలో పాత్రికేయుడు హెన్రీ నెవిన్సన్ స్వయంగా అంగోలా, ద్వీపాలు తిరిగి వచ్చి 1906లో గ్రంథం ప్రకటించాడు. బర్ట్ నివేదిక కూడా ఆ స్థితిని నిర్ధారించింది. అయినా కొనుగోలు ఆగలేదు. కొనుగోలుదారుగా ఉంటేనే ఒత్తిడి తేగలమన్నది కంపెనీ వాదన. అది బొత్తిగా అబద్ధం కాదు. కాని వాదన సాగినన్నాళ్లూ కోకో కూడా చౌకగా వస్తూనే ఉంది.

1908 సెప్టెంబరులో ‘స్టాండర్డ్’ పత్రిక దెప్పిపొడిచింది. దక్షిణాఫ్రికా గనుల్లోని చైనా కూలీల దుస్థితిని కాడ్బరీల పత్రిక ‘డైలీ న్యూస్’ ఖండించింది, మరి ద్వీపాల సంగతేమిటని దాని ఆక్షేపణ. కంపెనీ పరువునష్టం దావా వేసింది. విలియం కాడ్బరీ స్వయంగా ద్వీపాలకు, అంగోలాకు వెళ్లి వచ్చాక, 1909 మార్చిలో ఫ్రై, రౌన్‌ట్రీ కంపెనీలతో కలిసి కొనుగోలు మానివేశారు. డిసెంబరులో బర్మింగ్‌హామ్ న్యాయస్థానంలో జ్యూరీ కంపెనీవైపే తీర్పిచ్చింది. నష్టపరిహారం ఒక ఫార్దింగ్, అంటే పెన్నీలో నాలుగవ వంతు. పత్రిక రాసింది పరువునష్టమేనన్నారు గాని, ఆ పరువుకు కట్టిన వెల అంతే.

2015లో బ్రిటన్ ఆధునిక బానిసత్వ చట్టం చేసింది. ఏటా 3.6 కోట్ల పౌండ్లు, ఆపైన వ్యాపారం చేసే కంపెనీలు తమ సరఫరాలలో బానిసత్వ నివారణకు ఏమి చేసిందీ ప్రకటించాలి. ఏ చర్యా తీసుకోలేదని ప్రకటించినా ఆ నిబంధన నెరవేరినట్లే.