నొవ్‌గొరొద్ భూర్జపత్రములు

మంచు కురిసి వెలిసిన మఱునాటి యెండ కన్నులకు వెలుగు నిచ్చును గాని మేనికి వెచ్చదన మీయదు. రష్యా దేశమందలి వెలీకీ నొవ్‌గొరొద్ పట్టణమున, వోల్హొవ్ నదీతీరమున, ఒక శీతకాలపుటుదయమున మేమట్టి యెండలో నిలిచితిమి. ఆవలి యొడ్డున ఎఱ్ఱని యిటుకల కోట. దానిలో 1045-1050 సంవత్సరముల నడుమ నిర్మింపబడిన సోఫియా దేవాలయము. పట్టణము పేరునకు 'క్రొత్త యూరు' అని యర్థము. వయస్సు మాత్రము వేయేండ్లు దాటినది.

చరిత్ర గ్రంథము లీ యూరినిగూర్చి ముఖ్యముగా చెప్పునది అధికారపు కథ. ఇచ్చటి పౌరులు 'వేచె' యను సభ చేరి, నచ్చని ప్రభువును వెడలగొట్టుచుండిరి. 1136లో వ్సేవొలొద్ ప్రభువున కా గతియే పట్టెను. 1478లో మాస్కో ప్రభువైన మూడవ ఇవాన్ పట్టణమును వశపఱచుకొని, సభ నెత్తివేసి, దాని గంటను మాస్కోకు తరలించెను. గంట పోయినది, కథయు ముగిసినట్లే తోచును.

కాని రాజు తరలింపలేని సొత్తొకటి మట్టిలో మిగిలెను. 1951 జూలై 26న, ఆర్త్సిహొవ్‌స్కీ పండితుని నాయకత్వమున జరిగిన త్రవ్వకములలో, అక్షరములు గీసిన భూర్జపు బెరడు చుట్ట యొకటి దొరకెను. నాటినుండి నేటివరకు ఈ పట్టణమున బయల్పడినవి వేయికి పైబడినవి. గాలి సోకని తడిమన్ను వానిని కాపాడినది. సిరాతో పనిలేదు, మనవారు తాటాకుపై గంటముతో వ్రాసినట్లే, వారు కొనదేఱిన లోహపు పుల్లతోనో యెముకతోనో గీసిరి. సంస్కృతమున భూర్జము, ఆంగ్లమున బర్చ్, రష్యన్ భాషలో బెర్యోజ: మూడు పదములును ఒక్క మూలమునుండి పుట్టినవే!

వానిలో నేమున్నది? అప్పుల లెక్కలు, సరకుల బేరములు, ఇంటి పనుల పురమాయింపులు. స్త్రీలు వ్రాసినవియు గలవు. చదువు మఠములకును ప్రభుమందిరములకును మాత్రమే చెందినదను తలంపును ఈ బెరడు ముక్కలు చెఱిపివేసినవి.

అన్నిటికంటె మమ్ము కదలించినవి ఒన్ఫీమ్ అను బాలుని వ్రాతలు. పదుమూడవ శతాబ్దివాడు, ఆఱేడేండ్లవాడని పండితుల యూహ. అక్షరమాల దిద్దెను, గుణింతము వంటిది వ్రాసెను. విసుగు పుట్టగా గుఱ్ఱపు రౌతును చిత్రించి, ప్రక్కన తన పేరే వ్రాసికొనెను.

బడిపంతులమైన మేమా కథకు సిగ్గుపడితిమి. పాఠము నడుమ బొమ్మలు గీసిన పిల్లల నెందఱిని దండించితిమో! రాజుల వంశావళులు మాత్రము వల్లింపజేసి దానినే చరిత్ర యంటిమి. అమ్మ వ్రాసిన చీటియు, బిడ్డ దిద్దిన అక్షరమును చరిత్రయే యని మాకు తెలిపినవాడు ఆ బాలుడు. మరలివచ్చిన పిదప మా తరగతిలో నొక పిల్లవాడు పుస్తకపుటంచున ఏనుగును గీయుట చూచితిమి. బెత్తము బల్లమీదనే యుండెను. అడుగున పేరును తేదీయు వ్రాయుమని చెప్పి ముందునకు సాగితిమి.