ట్రాక్టర్ ట్రక్కుకు వెనుక కెమెరా: ఎంపిక, బిగింపు, వాడకం

వరి కోతల రోజుల్లో కొనుగోలు కేంద్రం దగ్గర, పత్తి తీతల రోజుల్లో జిన్నింగ్ మిల్లు గేటు దగ్గర ట్రాక్టర్ల వరుస కనిపిస్తుంది. ప్రతి ట్రాక్టర్ వెనుకా ఒక ట్రక్కు ఉంటుంది. తెలంగాణలోనూ ఉత్తరాది రాష్ట్రాల్లోనూ దీన్నే ట్రాలీ అంటారు. బస్తాలు దించడానికి దాన్ని వెనక్కి నడపాల్సిందే. ఆ సమయంలో డ్రైవరుకు కనిపించేది ట్రక్కు ముందు పలక, దాని మీద లోడు మాత్రమే. ట్రక్కు వెనుక ధాన్యం ఎత్తుతున్న కూలీ, ఆడుకుంటున్న పిల్లవాడు, నీడకు పడుకున్న మనిషి అతని కంటికి ఆనరు. ఇంజను చప్పుడులో కేకలూ వినిపించవు. ఈ చూపు అందని చోటును తెర మీదికి తెచ్చేదే వెనుక కెమెరా. కొన్ని వేల రూపాయలతో బిగించుకోగల పరికరమిది. అయితే కారుకు బిగించినట్టు ట్రక్కుకు బిగిస్తే కుదరదు.

చట్టం ఏం చెబుతోంది

కార్లలో వెనుక కెమెరా సౌకర్యం కోసం వచ్చినా, తర్వాత భద్రత కోసం తప్పనిసరి అయింది. అమెరికాలో 2002లో ఒక తండ్రి తన వాహనాన్ని ఇంటి ముందు వెనక్కి తీస్తుండగా రెండేళ్ల కొడుకు దాని కింద పడి చనిపోయాడు. ఆ పసివాడి పేరుతో వచ్చిన చట్టం మీద 2008లో అధ్యక్షుడు సంతకం చేశారు. దాన్ని అనుసరించి 2018 మే నుంచి అక్కడ తయారయ్యే కొత్త కార్లు, వ్యాన్లు, పికప్‌లన్నిటికీ వెనుక కెమెరా ఉండాల్సి వచ్చింది. వాహనం వెనుక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు మేర నేల తెర మీద కనిపించాలన్నది ఆ నియమం. ట్రైలర్లను మాత్రం దాని పరిధిలోకి తేలేదు.

భారతదేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు వెనుక అడ్డంకులను గుర్తించి హెచ్చరించే సెన్సర్లు తప్పనిసరి చేశారు. ట్రాక్టర్ వెనుక తగిలించే ట్రక్కుకు అది వర్తించదు. కాబట్టి ఇక్కడ కెమెరా పెట్టుకోవడం యజమాని విజ్ఞతకు వదిలిన విషయం.

ట్రాక్టర్‌కు కెమెరా ఉంటే చాలదా?

చాలదు. ట్రాక్టర్ వెనుక భాగాన కెమెరా పెడితే ట్రక్కు తగిలించగానే దాని ముందు పలక తప్ప మరేమీ కనిపించదు. ఆ కెమెరాకు ఒకే ఉపయోగం ఉంది. ట్రక్కు తగిలించేటప్పుడు హుక్కు, డ్రాబార్ కన్నం ఎదురెదురుగా వచ్చాయో లేదో సీటులోంచే చూసుకోవచ్చు. పిన్ను వేయడానికి మధ్యలో మనిషిని నిలబెట్టి ట్రాక్టర్‌ను వెనక్కి తీయడం ప్రమాదకరమైన అలవాటు. ఈ కెమెరా ఉంటే ట్రాక్టర్‌ను సరిగ్గా నిలిపి, బ్రేకు వేసి, ఆ తర్వాతే మనిషిని పిన్ను వేయమనవచ్చు.

వెనక్కి నడిపేటప్పుడు పనికొచ్చేది ట్రక్కు వెనుక చివర బిగించిన కెమెరా. వీలైతే రెండూ పెట్టుకుని, రెండు దృశ్యాలు చూపే తెర తీసుకోవాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి

*తీగ ఉన్నదా, లేనిదా:* తీగ ఉన్న కెమెరాలో బొమ్మ ఆలస్యం కాదు, మధ్యలో తెగదు. తీగ లేని రకంలో ఇనుప ట్రక్కు, దాని నిండా ఉన్న లోడు సంకేతాలకు అడ్డొస్తాయి. పైగా తీగ లేనిదని అమ్మే కెమెరాకు కూడా కరెంటు తీగ కావాల్సిందే. ఒకే ట్రాక్టర్‌కు రోజుకో ట్రక్కు తగిలించేవారికి తీగ లేని రకం అనుకూలం. ఒకే ట్రక్కు ఉన్నవారికి తీగ ఉన్నదే మేలు. వైఫై ద్వారా ఫోనులో బొమ్మ చూపే చవక కెమెరాలను దీనికి వాడకపోవడం మంచిది. వెనక్కి వెళుతుండగా ఫోను మోగితే తెర మీద బొమ్మ పోతుంది.

*నీరు, దుమ్ము:* కెమెరా మీద ఐపీ67 లాంటి గుర్తు ఉంటుంది. ఇందులో 6 అంటే దుమ్ము లోపలికి పోదని, 7 అంటే మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకుంటుందని అర్థం. ప్రెషర్ పంపుతో ట్రక్కు కడిగేవారు ఐపీ69కే గుర్తు ఉన్నది చూసుకోవాలి. మన ట్రాక్టర్లలో ఎక్కువ భాగానికి క్యాబిన్ ఉండదు. కాబట్టి కెమెరాతో పాటు తెర కూడా వానకు తట్టుకునేదై ఉండాలి. ఎండలో బొమ్మ కనిపించేలా పైన చిన్న గొడుగు లాంటి అడ్డు ఉన్న తెర తీసుకోవాలి. 7 అంగుళాల తెర సరిపోతుంది.

*చూపు వెడల్పు:* 120 డిగ్రీల లెన్సు చాలు. 170 డిగ్రీలది ఎక్కువ మేర చూపిస్తుంది గానీ, వస్తువులను ఉన్నదానికంటే దూరంగా, చిన్నగా చూపిస్తుంది.

*వోల్టేజి, జత:* ట్రాక్టర్ బ్యాటరీ 12 వోల్టులు. పెద్ద లారీల్లో 24 వోల్టులుంటాయి. 12 వోల్టులకే తయారైన పరికరాన్ని లారీకి తగిలిస్తే కాలిపోతుంది. కెమెరా, తెర ఒకే రకం సంకేతానివి కావాలి. ఏహెచ్‌డీ కెమెరాను పాత రకం తెరకు కలిపితే బొమ్మ రాదు, లేదా గీతలుగా వస్తుంది. విడివిడిగా కొనకుండా సెట్టుగా తీసుకుంటే ఈ చిక్కు ఉండదు.

ఎక్కడ బిగించాలి

చాలామంది చేసే తప్పు, కెమెరాను ట్రక్కు వెనుక తలుపుకు బిగించడం. లోడు దించేటప్పుడు ఆ తలుపు కిందికి వాలుతుంది లేదా పైకి లేస్తుంది. కెమెరా నలిగిపోవడమో, తీగ తెగిపోవడమో ఖాయం. వెనుక మూల స్తంభం పై భాగంలో, లేదా తలుపు కదలికకు తగలకుండా ఛాసిస్ నుంచి లేపిన ఇనుప పట్టీ మీద బిగించాలి. వరిగడ్డి, చెరకు తోలేవారికి లోడు వెనక్కి వేలాడుతుంది కాబట్టి పై భాగాన పెట్టిన కెమెరా మూసుకుపోతుంది. వాళ్లు ఛాసిస్ చివర కింద పెట్టుకోవాలి. కింద పెడితే బురద ఎక్కువ పడుతుందని తెలిసి, రోజూ తుడవడానికి సిద్ధపడాలి.

కెమెరా వంపు ఇలా చూసుకోవాలి: తెర అడుగు అంచున ట్రక్కు వెనుక చివర సన్నని గీతలా కనిపించాలి. అది కనిపించకపోతే ట్రక్కుకు ఆనుకుని ఉన్న నేల కూడా కనిపించదు. సరిచూడడానికి ట్రక్కు వెనుక చివరకు దగ్గరగా ఒక బిందె పెట్టి, సీటులో కూర్చుని చూడాలి. బిందె కనిపిస్తే అక్కడ కూర్చున్న పిల్లవాడూ కనిపిస్తాడు. కనిపించకపోతే కెమెరాను ఇంకాస్త కిందికి వంచాలి.

తీగలు వేసే పద్ధతి

1. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీయాలి.

2. కరెంటును ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే వచ్చే తీగ నుంచి తీసుకోవాలి. నేరుగా బ్యాటరీ నుంచి తీసుకుంటే, ఆపడం మరచిన రోజున తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవచ్చు. కెమెరా, తెర కలిసి సాధారణంగా ఒక ఆంపియర్ లోపే వాడతాయి. కరెంటు తీసుకున్న చోటికి దగ్గరగానే 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి.

3. కార్లలో రివర్స్ లైటు తీగకు కలిపితే రివర్స్ గేరు వేయగానే తెర వెలుగుతుంది. చాలా ట్రాక్టర్లకు రివర్స్ లైటే ఉండదు. వాటికి డ్యాష్‌బోర్డు మీద విడిగా ఒక స్విచ్చి పెట్టుకోవాలి.

4. ఎర్త్ తీగను బ్యాటరీ దాకా విడిగా తీసుకెళ్లాలి. ట్రక్కు ఇనుమునే ఎర్త్‌గా వాడితే కరెంటు హుక్కు, పిన్ను గుండా రావాలి. అక్కడ గ్రీజు, తుప్పు ఉంటాయి. గతుకు వచ్చినప్పుడల్లా బొమ్మ ఆరి వెలగడానికి చాలాసార్లు ఇదే కారణం.

5. తీగను ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి ఛాసిస్ లోపలి వైపున అడుగడుగుకూ క్లిప్పులు వేయాలి. సైలెన్సర్, పీటీవో షాఫ్టు, హైడ్రాలిక్ గొట్టాలు, చక్రాలకు దూరంగా ఉంచాలి. ఇనుములో రంధ్రం గుండా పోయేచోట రబ్బరు వలయం వేయకపోతే అంచు తీగను కోసేస్తుంది.

6. ట్రాక్టర్‌కూ ట్రక్కుకూ మధ్య స్ప్రింగులా సాగే తీగ వాడాలి. పూర్తిగా కుడికీ ఎడమకూ తిప్పి చూసినా అది బిగుసుకోకూడదు, నేలకు రాసుకోకూడదు. ట్రక్కు విడిపోతే తీగ తెగకుండా ప్లగ్గు ఊడి వచ్చేలా ఉండాలి. వాడనప్పుడు ప్లగ్గు నోటికి మూత పెట్టాలి.

7. తెర స్టీరింగ్‌కు, మీటర్లకు అడ్డు రాకూడదు. రాత్రి విప్పి ఇంటికి తీసుకుపోయే విధంగా బిగించుకుంటే దొంగల భయం ఉండదు.

ట్రక్కుకు వెల్డింగు పని పడినప్పుడు ముందే కెమెరా ప్లగ్గు ఊడదీయాలి. వెల్డింగు కరెంటు తీగల గుండా పోతే కెమెరాతో పాటు తెర కూడా పాడవుతుంది.

కుడి ఎడమల పరీక్ష

బిగించడం పూర్తయ్యాక ఒక మనిషిని ట్రక్కు వెనుక, డ్రైవరుకు ఎడమ వైపున నిలబెట్టాలి. తెరలో కూడా ఎడమ వైపే కనిపించాలి, అద్దంలో కనిపించినట్టు. కుడి వైపు కనిపిస్తే సెట్టింగుల్లో బొమ్మను తిప్పాలి. ఈ ఒక్కటి మరచిపోతే కెమెరా సాయం చేయాల్సింది పోయి ప్రమాదం తెచ్చిపెడుతుంది.

తెర మీద వచ్చే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలను నమ్మకూడదు. అవి కారు ఎత్తుకు, కారు కెమెరా వంపుకు లెక్కగట్టినవి. వాటిని ఆపేసి, ట్రక్కు వెనుక 1, 2, 3 మీటర్ల దూరంలో బస్తాలు పెట్టి, తెరలో అవి కనిపించిన చోట సన్నని టేపు ముక్కలు అంటించుకోవాలి. అవే అసలైన కొలతలు.

వెనక్కి నడపడం

రెండు చక్రాల ట్రక్కు స్టీరింగ్‌కు వ్యతిరేకంగా తిరుగుతుంది. ట్రక్కు వెనుక భాగం ఎడమకు పోవాలంటే స్టీరింగ్ కుడికి తిప్పాలి. కొత్తవారికి తేలిక పద్ధతి ఒకటుంది: స్టీరింగ్‌ను కింది భాగంలో పట్టుకుంటే, చెయ్యి ఎటు జరిగితే ట్రక్కు వెనుక భాగం అటు పోతుంది. కొద్దికొద్దిగా తిప్పాలి. ట్రక్కు మరీ మడత పడుతుంటే ఆపి, ముందుకు లాగి, సరిచేసుకుని మళ్లీ మొదలుపెట్టాలి. అలా చేయకపోతే డ్రాబార్ టైరుకు తగులుతుంది.

నాలుగు చక్రాల ట్రక్కులో ముందు ఇరుసు కూడా తిరుగుతుంది. అంటే మడత పడే చోట్లు రెండు. దాన్ని తిన్నగా కొద్ది దూరం తప్ప వెనక్కి నడపడం అనుభవజ్ఞులకూ కష్టమే. కెమెరా ఉందన్న ధైర్యంతో మూలలు తిప్పే ప్రయత్నం చేయకూడదు.

కెమెరా ట్రక్కుతో పాటే తిరుగుతుందని గుర్తుంచుకోవాలి. ట్రక్కు మలుపు తిరిగినప్పుడు తెర ఒక పక్కను మాత్రమే చూపిస్తుంది. రెండో పక్కన ఏముందో, ట్రాక్టర్ ముందు భాగం ఎటు ఊగుతోందో చూపించదు. తెర, కుడి అద్దం, ఎడమ అద్దం మూడింటినీ మార్చి మార్చి చూడాలి. మొదలుపెట్టే ముందు ఒకసారి దిగి, చుట్టూ తిరిగి చూడాలి. సైగలు చేసే మనిషి ట్రక్కు వెనుక కాకుండా పక్కన, డ్రైవరుకు అద్దంలో కనిపించేచోట నిలబడాలి. అతను అద్దంలోంచి మాయమైతే ట్రాక్టర్ ఆగిపోవాలి.

కెమెరా చేయలేనివి

ట్రాక్టర్‌కూ ట్రక్కుకూ మధ్య, చక్రాల పక్కన ఉన్నవారిని వెనుక కెమెరా చూపించదు. డ్రాబార్ మీద కూర్చుని ప్రయాణించేవారికి అది ఏ రక్షణా ఇవ్వదు. లెన్సు మీద బురద చుక్క పడితే ఒక మనిషి అంతా దాని వెనుక దాగిపోవచ్చు. ఉదయం బండి తీసేముందు తడిగుడ్డతో తుడవడం, వారానికోసారి బోల్టులు, ప్లగ్గులు చూసుకోవడం అలవాటు కావాలి.

మరో ముఖ్య విషయం, కెమెరా డ్రైవరుకు వెనుకవారిని చూపిస్తుంది గానీ, వెనుకవారికి ట్రక్కును చూపించదు. చీకట్లో లైట్లు లేని ట్రక్కును గుద్దుకుని ద్విచక్ర వాహనదారులు ప్రాణాలు కోల్పోతున్నారు. ఎర్ర లైట్లు, ఇండికేటర్లు పనిచేయాలి, వెనుకా పక్కలా మెరిసే టేపు ఉండాలి. కెమెరా తీగ వేయించేరోజునే ట్రక్కు లైట్ల తీగలు కూడా సరిచేయించుకుంటే ఒకే ఖర్చుతో రెండు పనులూ అవుతాయి.