హెచ్చుపాట

గణపవరం చుట్టుపక్కల ‘ఫలానా ఆయన పాడుకున్నాడు’ అంటే గొంతెలా ఉందని ఎవరూ అడగరు. ఎంతకి అని అడుగుతారు. పంచాయతీ చెరువు పాట, సంత పాట, చీటీ పాట, వినాయక చవితి వెళ్లాక లడ్డూ పాట. కొల్లేటి ఒడ్డు ఊళ్లలో త్యాగరాజ కీర్తన కంటే ఈ పాటలకే జనం ఎక్కువ.

ఆడు–ఆట, పాడు–పాట. వ్యాకరణం ఇంతవరకే చెబుతుంది. బేరంలో ధర పెంచడాన్ని పాడటం అని ఎందుకన్నామో చెప్పదు. హిందీవాళ్లకి అది బోలీ, అంటే పలుకు. కన్నడంలో హరాజు ‘కూగుతారు’, అంటే అరుస్తారు. మనం పాడతాం. ‘వేలం’ పోర్చుగీసు ‘లెయిలావ్’ నుంచి ఓడెక్కి వచ్చిందంటారు. తెలంగాణలో వినబడే ‘హర్రాజు’ అరబ్బీ. వ్యవహారం పేరు ఎక్కడెక్కడి నుంచో వచ్చినా, అందులో నోరు చేసే పనికి మాత్రం మన క్రియే మిగిలింది.

ఈ పాటలన్నిటిలోకీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది కల్లు పాట. కల్లు అచ్చంగా దక్షిణాది మాట. తమిళంలో కళ్, కన్నడంలో కళ్ళు. దాన్ని తీసే పని గీత. గడ్డం గీసినా, బొమ్మ గీసినా, తాటిగెల చివర పల్చగా చెక్కినా ఒకటే క్రియ. తెల్లవారుజామున కుండలో పడింది తియ్యగా ఉంటుంది. గాలిలోని ఈస్టు దానంతటదే చేరి పొద్దెక్కేసరికి పులిపిస్తుంది. మర్నాటికి నోట పెట్టుకోలేం. గణపవరం కల్లు ఏలూరు చేరేలోపే రుచి మారిపోతుంది. అందుకే కల్లుకి పెద్ద కంపెనీ పుట్టలేదు. ప్రతి ఊరికీ దాని కల్లే, దాని చెట్లే, మోకు కట్టుకుని ఎక్కే దాని మనుషులే. అమెరికాలో 1896 నుంచీ ఉన్న యాంకర్ బ్రూయింగ్ అనే బీరు కంపెనీని 2017లో సపోరో కంపెనీ కొనేసింది, 2023లో మూసేసింది. తాడిచెట్టును అలా కొని మూసేయడం కుదరదు.

అయితే చెట్టును కొనక్కర్లేదు, అమ్ముకునే హక్కును కొంటే చాలు. 1886 మద్రాసు అబ్కారీ చట్టం కింద గీసే చెట్టుకి పన్ను వేశారు, అమ్మే దుకాణానికి పాట పెట్టారు. అబ్కారీ పారశీకం, ఆబ్ అంటే నీళ్లు. పేరులో నీళ్లున్నా లెక్కంతా రూపాయలదే. అప్పటి నుంచీ భాష ఇద్దరినీ వేరు చేసి పిలవడం మొదలుపెట్టింది. చెట్టెక్కేవాడు ‘గీసేవాడు’. దుకాణం పాడుకున్నవాడు ‘హెచ్చుపాటదారు’. జమీందారులో, ఇనాందారులో ఉన్న ‘దారు’ ఇదే, చేతిలో ఉంచుకున్నవాడని అర్థం. కత్తి పట్టుకున్నవాడికి మాత్రం ఆ ‘దారు’ దక్కలేదు.

1937లో సేలంలో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పాకినప్పుడు గీసేవాడికి ఆ పనీ పోయింది. గీత కార్మికుల తరఫున గౌతు లచ్చన్న ఉద్యమం నడిపారు. ఈ నిషేధం తగాదాలోనే 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కల్లుకుండ మీద ప్రభుత్వం కూలిన రాష్ట్రం మనది. పాఠ్యపుస్తకాల్లో దీనికి ఇంకాస్త చోటివ్వాల్సింది.

సారా సంగతి వేరు. పులవదు, పాడవదు, లారీ ఎక్కుతుంది. కల్లుకి కుదరని కేంద్రీకరణ దానికి సుళువుగా కుదిరింది. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్లాస్టిక్ ప్యాకెట్లలో సర్కారీ సారా ఊరూరా దిగింది. 1992లో దూబగుంట నుంచి లేచిన నెల్లూరు జిల్లా ఆడవాళ్లు దుకాణాలు మూయించడంతో ఆగకుండా సారా పాటలనే అడ్డుకున్నారు. అధికారులు పాటను మళ్లీ మళ్లీ వాయిదా వేయాల్సి వచ్చింది. పాట అన్న మాటకున్న అసలర్థం వాళ్లకి పట్టుబడినంతగా ఏ నిఘంటుకర్తకీ పట్టుబడలేదని నా నమ్మకం. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా ఆగింది.

పాట మాత్రం సీసా మద్యంలోకి మారింది. అక్కడ ఇంకో మాట చేరింది, సిండికేటు. తెలుగులో ‘కూడబలుక్కోవడం’ అంటే సరిపోతుంది. పదిమంది పాడాల్సిన చోట ఒకడు పాడతాడు, తొమ్మిదిమంది వింటారు, లాభం తరవాత పంచుకుంటారు. 2011 చివర్లో ఏసీబీ దాడులతో ఈ గుట్టు రట్టయింది. 2012లో పాట తీసేసి లాటరీ పెట్టారు. చీటీలు తీసే చోట నోటితో పనిలేదు.

2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం దుకాణాలను లాటరీలోనే ఇచ్చారు. దరఖాస్తు రుసుము 2 లక్షలు, చీటీ తగలకపోయినా తిరిగి రాలేదు. తరవాత గీత కులాలకంటూ 10 శాతం దుకాణాలు కేటాయించారు. మంచిదే. కానీ వాటిలో అమ్మేది డిస్టిలరీల సీసాలు, బీరు కంపెనీల డబ్బాలు. గీతవాళ్ల పేరున వచ్చిన ఆ దుకాణాల్లో కల్లు దొరకదు.