మట్టి అటక

నడివేసవి మధ్యాహ్నమున శ్రీకాకుళపు పల్లెలో తాటాకింటి చూరు క్రింద తల వంచి లోని కడుగిడిన వానికి మొదట మేనికి చల్లదనము తగులును. వీధిలోని సందడి వెనుకబడిపోయిన సంగతి ఆ పిమ్మట చెవికి తెలియును. ఈ రెండు సౌఖ్యములకును మూల మొక్కటియే: పైనున్న కమ్మ, దాని క్రిందనున్న మట్టి.

విశాఖ మొదలు విజయనగర, శ్రీకాకుళ తీరముల పొడవునను చుట్టిండ్లు కట్టుట పూర్వాచారము. గుండ్రని మట్టిగోడ, దానిపై శంఖాకారమున లేచి చూరు దాదాపు నేల నంటునంతగా దిగిన కప్పు. తుపానుగాలికి మూల దొరకదు గనుక అది ఇంటిని చుట్టుకొని పోవును. ఎండకును అంతే, గోడ దొరకదు. లోనాటి పల్లెలలో వేరొక తీరు కలదు. ఇరుగుపొరుగులు నడిమిగోడను పంచుకొని, వీధి పొడవునను ఒకే వరుసగా, లోనికి పొడవుగా సాగు ఇండ్లు కట్టుకొనిరి. అంత దగ్గరగా బ్రతుకువారికి మందమైన మట్టిగోడయే మర్యాద; పొరుగింటి మాట అందులోనే అణగిపోయెడిది.

అయినను ఈ ఇండ్ల ప్రాణము అటకలో నున్నదని నా నమ్మకము. గోడలపై తాటిదూలములు పరచి, వానిపై తాటిబద్దలనో వెదురుబద్దలనో ఒత్తుగా పేర్చి, గడ్డి కలిపి త్రొక్కిన అడుసును బెత్తెడు మందమున మెత్తి, ఆరిన పిదప పేడతో అలికెడివారు. కమ్మకును అటకకును నడుమ మనిషి వంగి నడువదగినంత చోటు. వేసవిలో నిప్పురవ్వ ఎగిరి వరుస వరుసయే తగులబడినపుడు పైకప్పు బూడిదయైనను, మట్టి అటక క్రిందనున్న ధాన్యమును, పెట్టెలును దక్కెడివి. అగ్నిభీతిచే పుట్టిన ఆ మట్టిపొర, తన పైనున్న నిశ్చల వాయువుతో గూడి, ఎండను పగలెల్ల పైననే నిలిపెడిది.

వాన కురిసినపుడు దాని విలువ మరియు తెలియును. నా బాల్యమున జోరువాన రాత్రులలో మామ్మ మెల్లగా చెప్పు కథలో ఒక్క మాటయు జారిపోయెడిది కాదు; పైన చినుకు కమ్మలోనే చచ్చెడిది. నేను చదివిన రేకులకప్పు బడిలోనో, వాన మొదలుకాగానే పంతులుగారు పాఠ మాపి, అది వెలియువరకు కూర్చుండెడివారు.

వేసవిని తలచి కట్టుట మన యొక్కరి తెలివియే కాదు. జపానులో 14వ శతాబ్దమున యోషిదా కెన్కో అను భిక్షువు, ఇల్లు కట్టువాడు ముఖ్యముగా వేసవిని తలచుకొనవలెనని అభిప్రాయపడెను. వెదురుదడిపై మట్టి మెత్తిన గోడలు, గడ్డిచాపలు పరచిన గదులు వారికిని కలవు. అచ్చటి షిరాకవా గ్రామపు గడ్డికప్పుల ఇండ్లు 1995లో ప్రపంచ వారసత్వ జాబితా కెక్కినవి. మన చుట్టింటికి కమ్మ నేయువాడే కరవగుచున్నాడు.

అయినను కమ్మ విడిచి స్లాబు నాశించిన వారిని తప్పుపట్టలేను. కొన్ని ఏండ్ల కొకసారి కప్పు మార్చు వ్యయము, నిప్పుభయము, గాలిభయము వారివి. 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానులు ఈ తీరము నెట్లు ఊడ్చినవో చూచినవార మందరమును. కాని ఆ స్లాబు పగలు త్రాగిన వేడిని రాత్రి మంచము మీదికి దింపుచున్నది. శ్రీకాకుళపు ఉద్దాన ప్రాంతమున వైశాఖము వచ్చినదంటే, ఇల్లాండ్రు డాబా లెక్కి కొబ్బరిమట్టలు ఒత్తుగా పరచి, సాయంకాలము వానిపై బిందెలతో నీరు చల్లుచున్నారు.