చెదరిన వరుస

తాటాకు గ్రంథమునకు త్రాడు తెగినచో ఆకులు చెదరును. వ్రాయసకాడు ఆకులకు అంకెలు వేసియున్నచో ఓపికగలవారు వాటిని మరల కూర్చుకొందురు. అంకెలే లేకున్న? కంప్యూటరుల కాలమున ఈ చిక్కు మరల వచ్చినది.

కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో పెండ్లి వీడియోలు కూర్చు స్టూడియోలో కంప్యూటరు ఆగిపోయినదనుకొందము. అందు రెండు హార్డు డిస్కులు జతగ నున్నవి. వేగము కొరకు ప్రతి పెద్ద ఫైలును తుంటలు చేసి, ఒకటి ఈ డిస్కుపై, తరువాతిది ఆ డిస్కుపై వ్రాయుదురు. దీనిని స్ట్రైపింగ్ అందురు. ఏ డిస్కును విడిగ చూచినను సగము మాటలే. అక్షతలు వేసిన తాతగారు నేడు లేకపోవచ్చును. ఆ పెండ్లి మరల జరుగునది కాదు.

1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ అను మువ్వురు ఒక పత్రము ప్రకటించిరి. ఖరీదైన పెద్ద డిస్కునకు బదులు చౌకైన చిన్న డిస్కులను అనేకము కలిపి వాడవచ్చునని వారి వాదము. అందలి ప్రమాదమును గూడ వారే లెక్కకట్టిరి. ఒక డిస్కు సగటున 30,000 గంటలు పనిచేసినచో, నూరు డిస్కుల గుంపులో ఏదో ఒకటి సగటున 300 గంటలకే, అనగా రెండు వారములు నిండకమునుపే, చెడును. కావున రక్షణగల ఐదు పద్ధతులను వర్ణించి వాటికి రైడ్ అని పేరిడిరి. వాటిలో కొన్నిటి ఉపాయము పూర్వపు పట్వారీలకు తెలియనిది కాదు: వరుసలో ఒక అంకె చెరిగినను, మొత్తము నిలిచియున్నచో తీసివేతతో అది దొరకును. ఏ రక్షణయు లేని వట్టి స్ట్రైపింగ్ ఆ ఐదింటిలో లేదు. తరువాత దానికి సున్న అను అంకె వచ్చినది. ఇంత నిజాయితీగల పేరు యంత్రలోకమున అరుదని మా అభిప్రాయము.

అయితే కంప్యూటరు చెడుట వేరు, డిస్కు చెడుట వేరు. తుంటలను పంచిన కంట్రోలరు పోయినను, డిస్కులపై వ్రాత చెక్కుచెదరక యుండవచ్చును. అదే జాతి కంట్రోలరు దొరికినచో, తరచు డిస్కులపై నున్న గుర్తులను అదియే చదువుకొనును. దొరకనిచో నిపుణులు డిస్కులకు చీటీలంటించి, ఒక్కొక్కదానికి పూర్తి నకలు తీసి, ఆ నకళ్లపైననే పనిచేయుదురు. తుంట కొలత ఎంత, మొదటి డిస్కు ఏది అని వెదకుదురు. రెండు డిస్కులకు రెండే వరుసలు, నాలుగింటికి 24. తుంటకంటె పెద్దదైన ఛాయాచిత్రమొకటి తెరపై ముక్కలుగాక నిండుగ తెరచుకొన్నచో వరుస కుదురుచున్నదన్నమాట. నడుమ యంత్రము, డిస్కులను కొత్తగ సిద్ధపరచుదునా యని అడుగును. ఔననరాదు, పాత వ్రాతపై కొత్త వ్రాత పడగలదు.

2025 ఆగస్టు చివర కామారెడ్డి వీధులలో వరద పారినది. నీట మునిగిన డిస్కు సంగతి మరియొకటి. ఆరినది గదా యని దానికి విద్యుత్తు ఇచ్చుట మిక్కిలి అపాయము. దుమ్ము చొరని గదిలో విప్పి చూడగల నిపుణులకే దానిని పంపవలెను. జతలోని రెండవ డిస్కు పొడిగ నున్నను, దానిని గూడ తోడిచ్చి పంపవలెనని శ్రోతలకు మేము మనవి చేయుచున్నాము.