నౌరు ఎత్తిన బరువు

1990లో ఆక్లాండ్ కామన్వెల్త్ క్రీడలకు నౌరు పంపింది ఒకే ఒక్కణ్ని. ఇరవై ఏళ్ల మార్కస్ స్టీఫెన్. ఆ దేశం ఆ క్రీడల్లో అడుగుపెట్టడం అదే మొదలు. వెయిట్‌లిఫ్టింగ్ 60 కిలోల విభాగంలో స్నాచ్‌లో స్వర్ణం, మరో రెండు రజతాలు పట్టుకుని ఇంటికి వెళ్లాడు.

ఆ ఇల్లు ఎంతటిదో చెప్పాలి. పసిఫిక్ నడుమ 21 చదరపు కిలోమీటర్ల దీవి. చుట్టూ తిరిగే రోడ్డు ఇరవై కిలోమీటర్లకు మించదు. 1907 నుంచి పరాయివాళ్లు ఫాస్ఫేట్ కోసం తవ్వుతూ పోయారు. ఇప్పుడు నడిమి మిట్ట మీద మిగిలినవి సున్నపురాయి మొనలే, అక్కడ నాగలి సాగదు, బంతీ ఆడలేరు. జనంలో ఎక్కువమంది తీరం అంచున సన్నని పట్టీలోనే బతుకుతారు.

ఆ జనం కూడా ఒక దశలో అంతరించిపోతారేమో అనిపించింది. 1920లో ఇన్‌ఫ్లుయెంజా ఊడ్చేసింది. కనీసం 1500 మంది ఉంటేనే జాతి నిలుస్తుందని లెక్క వేసుకుని, 1932లో ఆ సంఖ్య చేరిన రోజును పండుగ చేసుకున్నారు. అదే అంగం దినం, అక్టోబరు 26. తర్వాత యుద్ధం వచ్చింది. జపాన్ సైన్యం 1200 మందిని ట్రక్ దీవులకు తరలించింది. 1946 జనవరి 31న తిరిగొచ్చింది 737 మందే. 1968లో స్వాతంత్ర్యం తీసుకోవడానికీ అదే జనవరి 31ని ఎంచుకున్నారు. తలలు లెక్కపెట్టుకుంటూ బతికిన జాతి అది. అలాంటి చోట ఒక్క కుర్రాడి పతకం ఒక్కడిదిగా ఎలా ఉంటుంది?

ఈ ఆట అక్కడ వేళ్లూనుకోవడానికి నాకు తోచే కారణం ఒకటుంది. దీనికి మైదానం అక్కర్లేదు. ఒక షెడ్డు, ఒక చెక్క వేదిక, ఒక బారు, నాలుగు జతల ఇనుప ప్లేట్లు చాలు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి కరణం మల్లీశ్వరి, విజయనగరం జిల్లా కొండవెలగాడ నుంచి మత్స సంతోషి లాంటి లిఫ్టర్లు వచ్చారంటే, కొంత ఈ ఆట గుణమే. అరచేతులకు మెగ్నీషియం కార్బొనేట్ పొడి రుద్దుకుని, నేల మీది బారును ఒక్క ఊపులో తలపైకి లేపి, కింద కూర్చుని, ఊగకుండా లేచి నిలబడాలి. అదే స్నాచ్. అక్కడ దేశం చిన్నదా పెద్దదా అని బారు అడగదు.

నిబంధనలు మాత్రం అడిగాయి. 1992లో నౌరు ఒలింపిక్ కమిటీకి ఇంకా గుర్తింపు లేదు. అందుకే స్టీఫెన్ సమోవా పౌరసత్వం తీసుకుని, బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆ దేశం తరఫున పోటీపడ్డాడు. 1994లో గుర్తింపు దక్కింది. 1996లో అట్లాంటాకు తన జెండాతోనే వెళ్లాడు. 1994, 1998 కామన్వెల్త్ క్రీడల్లో మూడేసి స్వర్ణాలు, 1999 ప్రపంచ పోటీల్లో రజతం. 2000లో మల్లీశ్వరి కాంస్యం గెలిచిన సిడ్నీ క్రీడల్లో అతనూ ఉన్నాడు.

2002లో మాంచెస్టర్‌లో రియానా సాలమన్ నౌరు మహిళల్లో తొలి స్వర్ణం గెలిచింది. 2010లో ఢిల్లీలో 77 కిలోల విభాగంలో యుకియో పీటర్ స్వర్ణం అందుకున్నాడు. అప్పటికి నౌరు దేశాధ్యక్షుడు మార్కస్ స్టీఫెనే.

నౌరుకు ఒలింపిక్ పతకం మాత్రం ఇంకా రాలేదు.